చేతులతో శాస్త్రము నేర్పిన గురువు: జార్జి వాషింగ్టన్ కార్వరు



శాస్త్రపాఠము చెప్పుటకు పరికరములు కావలెను, గాజుసామాను కావలెను, మంచి పుస్తకములు కావలెను అను మాటను మనము తఱచు వినుచుందుము. అది అబద్ధము కాదు. కాని అవి వచ్చు వఱకు చేతులు ముడుచుకొని కూర్చుండుట న్యాయమా అను ప్రశ్నయు ఒకటి కలదు. మనవంటి సరిహద్దు ప్రాంతపు పాఠశాలలలో ఈ ప్రశ్న మఱింత బరువైనది. ఇంటిలో ఒక భాష, వీథిలో ఒక భాష, పుస్తకములో మఱియొక భాషగా పెరుగు బాలుడు శాస్త్రము తనకు అందని మ్రానిపండని మొదటనే తలపోయవచ్చును. తమ పిల్లలకు తెలుగులో సైన్సు వచ్చునా యని సందేహించు తల్లిదండ్రులును కలరు. అట్టివారి కొఱకే మేము ఈ సంచికలో ఒక మహనీయుని జీవితమును వ్రాయ సంకల్పించితిమి. ఆయనకు పుట్టుకతో స్వేచ్ఛ లేదు, ఇంటిపేరు లేదు, చేర్చుకొను బడి లేదు. తాను ఉపాధ్యాయుడైన నాడు ప్రయోగశాలయు లేదు. అయినను కాలిక్రింది మట్టినే పుస్తకముగను, చెత్తకుప్పనే పరికరముల గదిగను చేసికొని 47 ఏండ్లు పాఠము చెప్పెను. ఆయన పేరు జార్జి వాషింగ్టన్ కార్వరు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిస్సౌరీ యను రాష్ట్రము కలదు. అందు డైమండ్ గ్రోవ్ ఒక చిన్న పల్లె. అచ్చట మోజెస్ కార్వరు అను రైతు కడ మేరీ యను నల్లజాతి స్త్రీ బానిసగా నుండెను. ఆమె కుమారుడే జార్జి. 1864వ సంవత్సర ప్రాంతమున అతడు జన్మించెనని చెప్పుదురు. బానిసల బిడ్డల పుట్టినదినములను శ్రద్ధగా వ్రాసియుంచువారు లేకపోవుటచే, తన జన్మదినము ఏదియో ఆయనకు జీవితాంతమును తెలియలేదు. ఆ కాలమున అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండెను. ఒకనాటి రాత్రి దోపిడిగాండ్రు వచ్చి తల్లిని, పసికందుగా నున్న జార్జిని ఎత్తుకొనిపోయిరి. మోజెస్ కార్వరు మనిషిని పంపి వెదకించగా బిడ్డ మాత్రమే దొరకెను. తల్లి జాడ మఱల తెలియలేదు. బిడ్డను తెచ్చి యిచ్చినవానికి మోజెస్ ఒక గుఱ్ఱమును బహుమానముగా నిచ్చెనట. ఒక గుఱ్ఱము ఖరీదునకు తిరిగి వచ్చిన ఆ శిశువు ముందు ముందు ఒక జాతికి వెలుగు చూపునని ఆనాడు ఎవరు తలంచియుందురు?

1865లో బానిసత్వము రద్దయ్యెను. మోజెస్, ఆయన భార్య సుసాన్ ఆ అనాథ శిశువును, అతని అన్న జిమ్‌ను తమ యింటనే పెంచిరి. జార్జి మిక్కిలి బలహీనుడు. పొలము పనికి పనికిరాడని ఇంటిపనులలో నుంచిరి. వంట, బట్టలు ఉదుకుట, కుట్టుపని, అల్లికపని సుసాన్ అతనికి నేర్పెను. ఆడువారి పనులని పలువురు చిన్నచూపు చూచు ఈ పనులే తరువాతి కాలమున అతనికి అన్నము పెట్టినవి, చదువు చెప్పించినవి. చేతిపని ఏదియు వ్యర్థము కాదనుటకు ఇది యొక నిదర్శనము.

పని ముగిసిన వెంటనే బాలుడు అడవిలోనికి పోయెడివాడు. రాళ్ళు, పురుగులు, ఆకులు, పూవులు ఏఱి తెచ్చెడివాడు. ఇంటికి దూరముగా పొదల నడుమ ఎవరికిని తెలియకుండ ఒక చిన్న తోట వేసికొనెను. ఏ మొక్కకు ఎంత ఎండ కావలెను, ఏ మొక్క ఏ మట్టిలో బ్రదుకును, వాడిన దానిని నీడకు మార్చినచో ఏమగును అని ఒక్కొక్కటియే చేసి చూచుచుండెను. క్రమముగా ఇరుగుపొరుగువారు తమ జబ్బుపడిన మొక్కలను ఆ బాలుని యొద్దకు తెచ్చి చూపసాగిరి. చదువురాని ఆ చిన్నవానికి మొక్కల వైద్యుడను పేరు వచ్చెను. విజ్ఞానశాస్త్రమునకు మూలమైన మూడు పనులు, అనగా చూచుట, చేసి చూచుట, ఫలితమును మఱువక గుర్తుంచుకొనుట, ఆ పొదల నడుమనే అతనికి అలవడినవి.

కాని చదువో? డైమండ్ గ్రోవ్ బడిలో నల్లజాతి పిల్లలను చేర్చుకొనరు. నల్లజాతి పిల్లల బడి నియోషో అను పట్టణమున నుండెను. అది సుమారు 10 మైళ్ళ దూరము. పండ్రెండేండ్లయిన నిండియు నిండకమున్నే బాలుడు ఒంటరిగా నడచి అచ్చటికి పోయెను. ఆండ్రూ, మరియా వాట్కిన్స్ అను నల్లజాతి దంపతులు అతనిని ఆదరించిరి. మరియా మంత్రసాని; బట్టలు ఉదికి జీవించెడిది; మూలికల గుణములు ఎఱిగినది. బడికి ముందును, తరువాతను అతడు ఆమెకు పనిలో సాయపడెడివాడు. అప్పటి వఱకు అతనిని కార్వరుగారి జార్జి యని, అనగా కార్వరుగారి సొత్తన్నట్లుగా, పిలిచెడివారు. ఇకమీదట తనను జార్జి కార్వరు అని చెప్పుకొనవలెనని మరియా అతనికి బోధించెను. పేరు తనది యని తెలిసికొనుట చదువులో మొదటి అక్షరము వంటిది.

నియోషోలోని ఉపాధ్యాయుడు చెప్పగలిగినంత చదువు త్వరలోనే ముగిసెను. జార్జి కాన్సస్ రాష్ట్రమునకు వలసపోయెను. ఊరూర వంట చేసి, బట్టలు ఉదికి, ఆ డబ్బుతో చదివెను. 1879లో ఫోర్ట్ స్కాట్ అను పట్టణమున జనులు గుంపుగా వచ్చి ఒక నల్లజాతివానిని చంపుట అతడు కన్నులార చూచెను. ఆ రాత్రియే ఊరు విడిచెను. ఆ భయంకర దృశ్యము వృద్ధాప్యము వఱకు ఆయనను వెంటాడెను. అయినను చదువు మానలేదు. మినియాపొలిస్ అను మఱియొక కాన్సస్ పట్టణమున ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసెను. 1885లో హైలాండ్ అను ఊరి కళాశాలకు దరఖాస్తు పంపగా చేర్చుకొందుమని ఉత్తరము వచ్చెను. ఉన్న డబ్బంతయు వ్యయము చేసి అచ్చటికి పోగా, అతని దేహవర్ణమును చూచి, చేర్చుకొనుట కుదరదనిరి.

ఇట్టి అవమానమునకు మఱియొకడైనచో క్రుంగిపోయెడివాడు. జార్జి పశ్చిమ కాన్సస్ మైదానములకు పోయి, ప్రభుత్వము రైతుల కిచ్చు భూమిని కొంత తీసికొనెను. ఆ మైదానమున ఇల్లు కట్టుటకు కఱ్ఱ లేదు. గడ్డితో కూడిన మట్టిపెళ్ళలను ఇటుకలవలె కోసి గోడలు పేర్చి ఇల్లు కట్టుకొనెను. ఆ మట్టియింటిలోనే మొక్కలను పెంచెను. రాళ్ళను సేకరించి వరుసగా పేర్చుకొనెను.

1890లో అయోవా రాష్ట్రమందలి సింప్సన్ కళాశాల అతనిని చేర్చుకొనెను. అచ్చట చిత్రలేఖనము, సంగీతము అభ్యసించెను. తోటి విద్యార్థుల బట్టలు ఉదికి పొట్ట పోసికొనెను. ఎట్టా బడ్ అను చిత్రలేఖన ఉపాధ్యాయిని అతడు వేయు పూవుల చిత్రములను చూచి ఆశ్చర్యపడెను. చూచి వేయుటలో అంతటి నిశితమైన కన్నుగలవాడు వృక్షశాస్త్రము చదువవలెనని ఆమెకు తోచెను. ఆమె తండ్రి అయోవా వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడు. ఆమె ప్రోత్సాహముతో 1891లో జార్జి ఆ కళాశాలలో చేరెను. అచ్చట చేరిన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనయే. మొదట భోజనశాలలో ఇతరులతో కూర్చుండనీయక, పనివారితో పాటు నేలమాళిగలో భోజనము చేయుమనిరి. అదియు సహించెను. ఆయన వేసిన యక్కా మొక్క చిత్రము 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ప్రశంస పొందెను. 1894లో పట్టము, 1896లో ఉన్నత పట్టము పొంది, ఆ కళాశాలలోనే బోధకుడయ్యెను. లూయీ పామెల్ అను వృక్షశాస్త్ర ఆచార్యుని శిక్షణలో మొక్కల తెగుళ్ళను కలిగించు శిలీంధ్రములను గూర్చి నిపుణత సంపాదించెను.

ఆ దినములలో ఒక ఆచార్యుని చిన్న కుమారుడు కార్వరు వెంట పొలములలో తిరిగెడివాడు. ఆఱేండ్ల ఆ బాలునికి కార్వరు గడ్డిపూవులను విడదీసి చూపి, ఒకదానికిని వేఱొకదానికిని గల భేదమును చెప్పెడివాడు. ఆ బాలుడే హెన్రీ వాలెస్. పెద్దవాడై అమెరికా వ్యవసాయమంత్రి యయ్యెను. 1941 నుండి 1945 వఱకు ఆ దేశపు ఉపాధ్యక్షుడుగా నుండెను. మొక్కలయందు తనకు గల ప్రేమకు కార్వరుతో చేసిన ఆ నడకలే కారణమని ఆయన స్మరించుకొనెడివాడు. బాలునకు ఒక గడ్డిపూవును సరిగా చూపించుట చిన్న పని కాదు సుమా!

1896లో ఒక ఆహ్వానము వచ్చెను. అలబామా రాష్ట్రమున టస్కిగీ అను చోట నల్లజాతివారి కొఱకు ఒక విద్యాలయము 1881లో స్థాపింపబడినది. దాని అధిపతి బుకర్ టి. వాషింగ్టన్. ఆయనయు బానిసగా పుట్టినవాడే. ఆ విద్యాలయమున విద్యార్థులే ఇటుకలు కాల్చి, గోడలు పెట్టి, తమ తరగతి గదులను తామే కట్టుకొనెడివారు. వ్యవసాయ శాఖకు అధిపతిగా రమ్మని వాషింగ్టన్ కోరగా, సౌకర్యములు గల అయోవాను విడిచి కార్వరు టస్కిగీకి పోయెను. సంవత్సరమునకు 1,000 డాలర్ల జీతము. అచ్చటనే మరణపర్యంతము నిలిచెను.

వచ్చి చూడగా శాఖ యను పేరు కలదు గాని ప్రయోగశాల లేదు. అయోవాలోని మిత్రులు వీడ్కోలు కానుకగా నిచ్చిన ఒక సూక్ష్మదర్శిని మాత్రమే ఆయన చేతిలో నుండెను. కార్వరు విచారించుచు కూర్చుండలేదు. పరికరములు వచ్చిన పిమ్మట పాఠము మొదలిడెదనని చెప్పలేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పల యొద్దకు పోయెను. పాత సీసాలు, మూతలు, చిల్లిగిన్నెలు, రేకులు, తీగలు ఏఱి తెచ్చి కడిగి శుభ్రపఱచిరి. సిరాబుడ్డికి వత్తి వేసి దీపము చేసిరి. విఱిగిన మందపు గిన్నె నూఱుడు కల్వమయ్యెను. రేకునకు చిల్లులు పొడిచి జల్లెడ చేసిరి. నేలపై పడిన వస్తువును చూచినంతనే ఇది దేనికి పనికివచ్చునని యోచించుటయే ఆ విద్యార్థులకు మొదటి పాఠమయ్యెను. తమ చేతులతో చేసిన పరికరము ఎట్లు పనిచేయునో చేసినవానికి తెలియును. కొని తెచ్చిన పరికరమును బీరువాలో పెట్టి తాళము వేసినచో అది ఎవరికిని ఏమియు నేర్పదు.

ఆ ప్రాంతపు నేల పరిస్థితి మిక్కిలి దయనీయముగా నుండెను. ఏటేట ప్రత్తి తప్ప మఱియొక పంట వేయరు. ఇంటి గడప వఱకు ప్రత్తియే. ప్రత్తి నేలసారమును పీల్చివేసెను. కౌలురైతు అప్పులపాలయ్యెను. ఇంట కూరగాయలు లేవు, పిల్లలకు పుష్టి లేదు. కార్వరు రైతులకు పంటమార్పిడి బోధించెను. ఒక ఏడు ప్రత్తి, మఱుసటి యేడు అలసందలు గాని వేరుశనగ గాని వేయుమనెను. ఆహారము కొఱకు చిలగడదుంపలు పెంచుమనెను. అలసంద, వేరుశనగ మొక్కల వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఉపయోగపడు రూపమునకు మార్చును. అందుచే నేల బలపడును. ఎరువు కొన లేని రైతునకు ఇది భూమియే యిచ్చు ఎరువు. అడవిలో రాలి క్రుళ్ళిన ఆకులను, బురదమన్నును పొలమునకు తోలుమని కూడ ఆయన చెప్పెడివాడు.

చెప్పుటతో తృప్తిపడక చూపించెను. బడికి రాలేని రైతుల యొద్దకు బడియే పోవలెనని వాషింగ్టన్, కార్వరులు తలంచిరి. 1906లో ఒక బండి సిద్ధమయ్యెను. న్యూయార్కు ధనికుడు మారిస్ జెసప్ ధనసహాయము చేయుటచే దానికి జెసప్ బండి యని పేరు వచ్చెను. అందు పనిముట్లు, విత్తనములు, పాడిసామగ్రి అమర్చి పల్లె పల్లెకు పంపిరి. థామస్ క్యాంప్‌బెల్ అను విద్యార్థి దానిని నడిపెను. చెట్టు క్రింద బండి ఆపినచో అదియే బడి.

చదువ వచ్చినవారి కొఱకు కార్వరు చిన్న పుస్తకములు వ్రాసెను. మొత్తము 44 వెలువడినవి. 1898లో వచ్చిన మొదటిది పశువులకు ఓక్ చెట్టు కాయలను మేపుటను గూర్చినది. ఊరక రాలిపోవు కాయలను వాడుకొనుడని చెప్పుటతోనే ఆ పరంపర మొదలయ్యెను. 1916లో వెలువడినది వేరుశనగ సాగును, దానితో 105 విధముల వంటకములను తెలుపును. భాష సామాన్య గృహిణికిని తెలియునంత తేటగా నుండెను. మన గాంధీమహాత్మునికిని ఆయన శాకాహారమును గూర్చి సలహాలు పంపియుండెను.

ఉపాధ్యాయుల కొఱకును ఆయన వ్రాసెను. 1902లో ప్రకృతి పరిశీలనను ఇతర పాఠములతో కూర్చి బోధించు విధమును గూర్చియు, 1910లో పల్లెబడులలో ప్రకృతి పాఠము, తోటపనులను గూర్చియు పుస్తకములు వెలువరించెను. తోటలో మడి కొలుచునపుడు లెక్కలు వచ్చును. మొక్కను చూచి గీయునపుడు చిత్రలేఖనము వచ్చును. చూచినదానిని వ్రాయునపుడు భాష వచ్చును. ఈ తుది మాటను భాషోపాధ్యాయులమగు మేము ప్రత్యేకముగా గమనించితిమి. మొక్కను చూడకుండ వ్రాయు వ్యాసమున మాటలు అరువు మాటలగును. చూచి వ్రాయు బాలునికి తన మాట తానే దొరకును.

కార్వరు ప్రతిదినమును తెల్లవాఱకముందే లేచి అడవికి నడచెడివాడు. తిరిగి వచ్చునపుడు చేతినిండ ఆకులు, పుట్టగొడుగులు, మట్టిగడ్డలుండెడివి. ఆనాటి పాఠము ఆ చేతిలోనిదే. అలబామా కొండలలో ఎఱ్ఱని, పసుపుపచ్చని, తెల్లని మట్టులు దొరకును. వానిని నీట కలిపి, ఇసుకను దిగనిచ్చి, పైతేటను వడకట్టి, మిగిలిన మెత్తని మట్టితో రంగులు చేసెను. పేదవారు తమ గుడిసెలకు ఖర్చు లేకుండ రంగులు వేసికొను విధమును 1911లో ఒక చిన్న పుస్తకమున తెలిపెను. మన అవ్వలు సుద్దమట్టితో గోడలు పూసి, ఎఱ్ఱమట్టితో అరుగులు అలికి, అంచులు దిద్దుట మనము చూచినదే. దానిలోనే నేలశాస్త్రము కలదు. కార్వరు దానిని గుర్తించి బడిలోనికి తెచ్చెను.

ఆయన కీర్తి 1921లో దేశమంతట వ్యాపించెను. విదేశీ వేరుశనగపై సుంకమును గూర్చి ప్రతినిధిసభ సంఘము విచారణ జరుపుచు, ఆయనకు 10 నిమిషముల కాలమిచ్చెను. ఆయన తన పెట్టెనుండి వేరుశనగతో చేసిన పదార్థములను ఒక్కొక్కటిగా తీసి చూపుచు మాటలాడుచుండగా, సభ్యులు కాలమును మఱల మఱల పొడిగించిరి. 1923లో స్పింగార్న్ పతకము లభించెను.

ఇచ్చట సత్యము చెప్పవలెను. వేరుశనగ వెన్నను కనిపెట్టినవాడు కార్వరని పలుచోట్ల వ్రాసియున్నారు. అది నిజము కాదు. ఆయనకు ముందే అది కలదు. వేరుశనగతో ఆయన చూపిన సుమారు 300 ఉపయోగములలో పెక్కు వంటకములే. అంగడికెక్కి లాభము తెచ్చినవి మిక్కిలి స్వల్పము. ఆయన పొందిన పేటెంటులు 3 మాత్రమే. కోళ్ళపెంపకపు శాఖ నిర్వహణలోను, కార్యాలయపు లెక్కలలోను ఆయన నేర్పరి కాడు. ఆ విషయమున వాషింగ్టన్ పలుమాఱులు మందలించెను. కాని బోధనలో ఆయనకు సాటి లేరని అదే వాషింగ్టన్ అంగీకరించెను. మాకును ఈ తుది మాటయే ముఖ్యము. కట్టుకథలను తీసివేసిన పిమ్మటను కార్వరు గొప్పతనము తఱుగలేదు. అసలు చోటనే నిలిచినది. ఆయన కనిపెట్టినవి కొన్నియే కావచ్చును. ఆయన కన్నులు తెఱపించిన విద్యార్థులు, రైతులు లెక్కకు మిక్కిలి.

ఆయన వివాహము చేసికొనలేదు. పాతకోటు ధరించి, దాని గుండీ రంధ్రమున ప్రతిదినము ఒక పూవు పెట్టుకొనెడివాడు. జీతపుడబ్బును వ్యయము చేయక కూడబెట్టి, కడపట సుమారు 60,000 డాలర్లను పరిశోధన కొఱకు ధర్మనిధిగా నిచ్చెను. మెట్లపై పడిన పిమ్మట 1943 జనవరి 5వ తేదిన టస్కిగీలో దేహము చాలించెను. వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఆయన సమాధి కలదు. అదే సంవత్సరము జులైలో డైమండ్ గ్రోవ్ యందలి ఆ పొలమును, ఆ పొదలను జాతీయ స్మారకముగా ప్రకటించిరి. అమెరికాలో నల్లజాతివాని పేర వెలసిన తొలి జాతీయ స్మారకమిదియే. ఒకనాడు ఏ ఊరి బడి అతనిని లోనికి రానీయలేదో ఆ ఊరికే ఆయన పేర యాత్రికులు వచ్చుచున్నారు.

విద్యార్థులారా! ఈ కథ విని ఊరకుండుట మనకు తగదు. మీరు చేయదగిన మూడు పనులను చెప్పి ముగింతుము.

మొదటిది: వానకాలమున పెద్దల అనుమతితో ఒక వేరుశనగ మొక్కను వేళ్ళు తెగకుండ తవ్వి తీయుడు, మెల్లగా నీట కడుగుడు. వేరుశనగ యను పేరు విని కాయ వేరునకు కాయునని పలువురు తలంతురు. మొక్కను చూచినచో నిజము తెలియును. పసుపుపచ్చని పూవు నేలకు పైననే పూయును. పిమ్మట ఆ పూవు అడుగునుండి ఒక ఊడ బయలుదేరి, వంగి నేలలో దిగును. ఆ ఊడ కొననే కాయ ఏర్పడును. మన రైతులు ఊడ దిగుట యని చెప్పునది ఇదియే. వేరునకుండు బుడిపెలు వేఱు. ఒక బుడిపెను గోటితో చీల్చుడు. లోపల గులాబిరంగు కనబడినచో నత్రజని పని జరుగుచున్నదని గ్రహింపుడు.

రెండవది: చెఱువుగట్టు మట్టి, పొలము మట్టి, ఇంటిపెరటి మట్టి వేఱువేఱు గాజుసీసాలలో వేసి, నీరు పోసి, మూత పెట్టి బాగుగా కుదిపి ఒక దినము కదల్పక ఉంచుడు. ఇసుక ముందు దిగును, ఒండ్రు తరువాత, మెత్తని బంకమట్టి కడపట. పొరలను కొలబద్దతో కొలిచి వ్రాయుడు. ఏ నేల నీటిని ఎక్కువ కాలము పట్టియుంచునో మీరే ఊహించి, మీ ఇంటి పెద్దలను అడిగి సరిచూచుకొనుడు. మెత్తని మట్టిని ఎండబెట్టి, తుమ్మబంకతో కలిపి, దానితోనే మొక్క చిత్రము వేయుడు.

మూడవది: మీ దారిలోని మొక్కల చిన్నకొమ్మలను పాత వార్తాపత్రికల నడుమ పెట్టి, పైన బరువైన రాయి నుంచుడు. కాగితములను రెండు దినముల కొకమాఱు మార్చుడు. ఎండిన పిమ్మట అట్టపై అంటించి, దొరకిన చోటు, తేది, పేరు వ్రాయుడు. ఏ పేరు వ్రాయవలెనని అడుగుదురు కాబోలు! ఆ కాయకే చూడుడు: ఇంటిలో మనము శనగకాయ యందుము, పుస్తకమున వేరుశనగ, కన్నడ మిత్రుడు కడలేకాయి యనును, తమిళ మిత్రుడు నిలక్కడలై యనును, ప్రపంచ శాస్త్రజ్ఞులు లాటిన్ భాషలో అరాకిస్ హైపోజియా యందురు. హైపోజియా యనగా నేలక్రిందిది యని అర్థము. మీకు తెలిసిన పేర్లన్నియు వ్రాయుడు. ఒక్క పేరు మాత్రమే తెలిసినవానికంటె నాలుగు పేర్లు తెలిసినవాడు ఏ విధమున పేదవాడు?

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవాడు జేబునిండ గింజలు, రాళ్ళు తెచ్చినచో చెత్త యని పాఱవేయకుడు. ఒక డబ్బా ఇచ్చి దాచుకొమ్మనుడు. ఏమి చూచితివని మన భాషలో అడుగుడు. అతడు చెప్పునది ఓపికతో వినుడు. పరికరముల కొఱకు మనము పైవారిని అడుగుచునే యుందము. అది మన హక్కు. కాని మట్టి, మొక్క, చేయి, కన్ను ఇవి నాలుగును మన యొద్ద ఇప్పుడే కలవు. కార్వరునకును మొదట ఉన్నవి అవియే.